బీరువా మార్చి చదవండి

(విజయనగరంలో గ్రంథాలయ వారోత్సవాల సందర్భంగా చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం. పెద్దలకు, గ్రంథాలయ సిబ్బందికి, రీడింగ్ రూములో గ్రూప్స్ పుస్తకాలు, డీఎస్సీ గైడ్లు మూసి వచ్చి వెనక వరసల్లో కూర్చున్న పిల్లలకు నమస్కారం.

మీరేం చదువుతారని అడిగితే మనలో చాలామంది ఒక్క మాటలో చెప్పేస్తాం. ఒకరు డిటెక్టివ్ నవలలంటారు. ఒకరు కుటుంబ నవలలంటారు. ఇంకొకరు "కల్పన నాకెందుకండీ, జీవిత చరిత్రలే చదువుతాను" అంటారు. ఇష్టమంటూ ఒకటి ఉండడం మంచిదే. కానీ ఏళ్ల తరబడి ఒకే బీరువా దగ్గర నిలబడిపోతే, పక్క బీరువాలో మన ఊరే ఉందన్న సంగతి మనకు తెలియకుండా పోతుంది. నవల, నాటకం, కథ, ఆత్మకథ ఇవన్నీ ఒకరింటికి ఒకరు వచ్చిపోయే చుట్టాలు. ఒకరితో పరిచయమైతే వాళ్ల వెంటే మిగతావాళ్లింటికీ వెళ్లొచ్చు. ఆ దారి ఎలా ఉంటుందో మన ఊరి పుస్తకాలతోనే చెబుతాను.

కన్యాశుల్కం పేరు విననివాళ్లు ఇక్కడ ఎవరూ ఉండరు. 1892లో ఈ ఊళ్లోనే తొలిసారి ఆడారు. 1897లో అచ్చయింది. ఇప్పుడు మనం ఎక్కువగా చదివేది గురజాడవారు బాగా పెంచి, తిరగరాసి 1909లో తెచ్చిన రూపం. గిరీశం మాటలు మనకు నోటికొచ్చు. అయితే 1897 ప్రతికి ఆయన ఇంగ్లీషులో రాసిన ముందుమాట చదివినవాళ్లు తక్కువ. విజయనగరం ఆనంద గజపతి మహారాజు చెబితే విశాఖపట్నం జిల్లాలో మూడేళ్లలో జరిగిన శుల్క వివాహాల, అంటే డబ్బు పుచ్చుకుని ఆడపిల్లనిచ్చిన పెళ్లిళ్ల, జాబితా ఒకటి తయారైంది. లెక్కకు వచ్చినవే 1034 పెళ్లిళ్లు. వాటిలో అయిదేళ్ల పిల్లలు 99 మంది, నాలుగేళ్లవాళ్లు 44 మంది, మూడేళ్లవాళ్లు 36, రెండేళ్లవాళ్లు 6, ఏడాది పిల్లలు ముగ్గురు. ఆ చంటిబిడ్డల వెల 350 నుంచి 400 రూపాయలట.

ఈ అంకెలు చదివాక మళ్లీ నాటకం తెరవండి. ముసలి లుబ్ధావధాన్లుకు పద్దెనిమిది వందలకు తన చిన్నకూతురు సుబ్బిని ఇవ్వడానికి అగ్నిహోత్రావధాన్లు సిద్ధపడే చోటికి రాగానే నవ్వు ఆగిపోతుంది. ఆ జాబితాలో పేరు లేని వెయ్యిమందికి సుబ్బి పేరు, ఆమె వితంతు అక్క బుచ్చమ్మ కన్నీళ్లు తగులుకుంటాయి. కాగితం మీద అంకెగా మిగిలిన పిల్లకి ఇల్లు, తల్లి, అన్న, మాట్లాడే నోరు ఇచ్చింది నాటకం. ఆ పిల్ల ఎక్కణ్ణుంచి వచ్చిందో చూపించింది ముందుమాట. రెంటిలో ఏది ఎక్కువ నిజమని నన్నడిగితే, రెండూ కలిస్తేనే నాకు ఆనాటి విజయనగరం కనబడిందని చెబుతాను.

అక్కడి నుంచి ఆత్మకథల బీరువాకి రండి. అదే ఊరు, అదే కాలం, అదే ఆనంద గజపతి కొలువు. ఇక్కడ మనిషి మాత్రం పూర్తిగా వేరు: ఆదిభట్ల నారాయణదాసుగారు. 1864లో అజ్జాడలో పుట్టారు. కాళ్లకు గజ్జెలు, చేతిలో చిడతలు పట్టుకుని హరికథకు తెలుగునాట కొత్త రూపం ఇచ్చిన మనిషి. ఆయన స్వీయచరిత్ర పేరు 'నా యెరుక'. నాటకంలో మనం చూసిన ఊరిని గురజాడవారు పక్కకు నిలబడి పరీక్షగా చూస్తే, దాసుగారు ఆ ఊరి నడిబొడ్డున నిలబడి గొంతెత్తి పాడారు. ఒకే ఊరు ఇద్దరికి ఇంత వేరుగా ఎలా కనబడిందో చూడాలంటే ఆ రెండు పుస్తకాలూ వెంటవెంటనే చదవాలి. విడివిడిగా చదివితే ఆ రుచి అందదు.

1919లో ఇక్కడ సంగీత కళాశాల మొదలైంది. దాసుగారు మొదటి ప్రిన్సిపాల్. అదే ఏడు ద్వారం వెంకటస్వామి నాయుడుగారు వాయులీనం చెప్పడానికి వచ్చారు. అలా ఈ ఊరు ఫిడేలుకు పెట్టింది పేరైంది. ఇప్పుడు మరో బీరువా, కథలది. ఈ ఊళ్లోనే బతికిన చాగంటి సోమయాజులుగారు, మన చాసో, 'వాయులీనం' అని ఒక కథ రాశారు. అందులో కచేరీలు లేవు, బిరుదులు లేవు, రాజాస్థానం లేదు. పెళ్లయ్యాక ఇంటి పనుల్లో పాట మరుగునపడ్డ ఒక ఇల్లాలు ఉంది. ఆమెకు జబ్బు చేస్తే ఖర్చుల కోసం భర్త ఆమె వాయులీనాన్ని అమ్మేస్తాడు. అతను దుర్మార్గుడు కాడు. అదే ఆ కథలోని బాధ. దాసుగారి పుస్తకం నిండా సంగీతం మనిషిని ఎంత ఎత్తుకు తీసుకువెళ్లిందో ఉంటుంది. అదే సంగీతం ఒక మామూలు ఇంట్లో, ఒక ఆడమనిషి చేతిలోంచి ఎలా జారిపోయిందో చాసో కొద్ది పేజీల్లో చెప్పారు. ఆ ఇల్లాలు ఆత్మకథ రాయలేదు, రాసే వీలూ ఆమెకు ఉండేది కాదు. అలాంటివాళ్ల తరఫున మాట్లాడడానికే కథ ఉందని నేను నమ్ముతాను.

ఆత్మకథంటే నిజం, నవలంటే కల్పన అని గీత గీసేవాళ్లతో నాకు పేచీ ఉంది. ఆత్మకథ రాసేవారు కూడా ఏరుకుంటారు. బతికున్నవాళ్ల మొహం చూసి కొన్ని వదిలేస్తారు, అభిమానం కొద్దీ కొన్ని పెంచుతారు. కథకుడు పాత్రకు వేరే పేరు పెట్టి, సొంత పేరు మీద చెప్పలేనిది చెప్పేస్తాడు. శ్రీపాద సుబ్రహ్మణ్య శాస్త్రిగారి కథలు చదివి, ఆ వెంటనే ఆయన 'అనుభవాలూ - జ్ఞాపకాలూనూ' తీసుకోండి. తెలుగు రాయడాన్ని చిన్నచూపు చూసే సంస్కృత పండితుల ఇంట్లోంచి వచ్చిన మనిషి ఆయన. అంత అందమైన తెలుగు ఎంత పోరి సంపాదించుకున్నారో తెలుస్తుంది. ఇక ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కతలు' లాంటివి ఉన్నాయి. కథలనాలా, చిన్ననాటి జ్ఞాపకాలనాలా? ఏ బీరువాలో పెట్టినా తప్పులేదు. అందుకే అవి నాకు మరీ ఇష్టం.

శ్రీకాకుళం గిరిజన రైతాంగ పోరాటం మీద, ఆ కాలం మీద మన ప్రాంతం నుంచి ఎన్నో కథలు వచ్చాయి. అవి చదివిన పిల్లలు కొండపల్లి కోటేశ్వరమ్మగారి 'నిర్జన వారధి' కూడా చదవాలి. ఆమెకు తొంభై దాటాక, 2012లో వచ్చింది. 2018లో నూరేళ్లు నిండాక విశాఖలో కన్నుమూశారు. కమ్యూనిస్టు ఉద్యమంలోనే బతికి, భర్త విడిచిపెట్టాక కాకినాడలో హాస్టల్ మేట్రన్‌గా పనిచేసి, బిడ్డల్ని పోగొట్టుకున్న తల్లి ఆమె. ఎవరి మీదా కేక వేయకుండా తన సంగతి చెప్పుకున్నారు. ఆ పుస్తకం చదివాక ఉద్యమ కథల్లో వంటింట్లో నిలబడి ఒక్క మాటతో సరిపెట్టుకునే ఆడవాళ్ల దగ్గర నేను ఆగి, ఇంకాసేపు చూస్తున్నాను.

డిటెక్టివ్ నవలల్ని, చందమామ సీరియళ్లను తక్కువ చేసి మాట్లాడడం నాకు నచ్చదు. కొమ్మూరి సాంబశివరావుగారి యుగంధర్ కోసం అద్దె పుస్తకాల కొట్టుకు పరుగెత్తిన తరం మాది. దాసరి సుబ్రహ్మణ్యంగారి రాకాసులు, లోయలు వచ్చే నెల సంచిక దాకా మాకు నిద్ర పట్టనిచ్చేవి కావు. తరవాత ఏం జరుగుతుందోనన్న ఆత్రం అక్కడే అలవడింది. ఆ ఆత్రం లేనివాడు ఎంత గొప్ప పుస్తకమైనా సగంలో మూసేస్తాడు.

పాత వారపత్రికలో ఒక మేలుండేది. సీరియల్ కోసం తెరిస్తే పక్క పేజీలో కథ, దాని వెనక యాత్రా విశేషాలు, ఎవరివో జ్ఞాపకాలు. అడగకుండానే అన్నీ కళ్లపడేవి. ఇప్పుడు మనం కావలసిందే వెతికి, అదే తెప్పించుకుంటున్నాం. అనుకోకుండా దొరికేది తగ్గిపోయింది. ఆ భాగ్యం ఇంకా ఉన్న చోటు మనకు రైల్లో బేగి చేరుకునేంత దగ్గర్లో ఉంది. 1995లో సాహిత్య అకాడమీ అవార్డు వస్తే, ఆ సొమ్ము పెట్టి 1997 ఫిబ్రవరి 22న కథకులు కాళీపట్నం రామారావుగారు, మన కారా మాస్టారు, శ్రీకాకుళంలో తెరిచిన కథానిలయం అది. తెలుగులో అచ్చయిన ప్రతి కథా ఒక చోట ఉండాలన్నది ఆయన పంతం. కథలు అచ్చయిన పాత పత్రికల్ని కూడా అక్కడ దాచారు. ఒక కథ కోసం వెళ్లండి. ఆ సంచికను మొదటి పేజీ నుంచి తిరగేయండి. మీరు వెతకని రచయిత మీకు దొరుకుతారు.

పరీక్షలకు చదువుకుంటున్న పిల్లలకు ఒక్క మాట. రోజూ మీరు కూర్చునే బల్లకు దగ్గర్లోనే ఆత్మకథలున్నాయి. సిలబస్ పక్కన పెట్టమని నేననను. సాయంత్రం వెళ్లేటప్పుడు కార్డు మీద ఒక్కటి తీసుకెళ్లండి. అది అయిపోయాక, అదే ఊరి మీదో, అదే వృత్తి మీదో, అదే కాలం మీదో ఒక కథల పుస్తకం అడగండి. లైబ్రేరియన్‌గారిని అడగడానికి మొహమాటపడకండి, అలా అడిగేవాళ్ల కోసం ఆయన ఎదురుచూస్తూ ఉంటారు.

పెద్దలకు ఒక విన్నపం. మీ అటకల మీద పాత వారపత్రికల బైండ్లు ఉంటే పాత పేపర్లవాడికి వేసేయకండి. ముందు కథానిలయం వాళ్లకు కబురు చెయ్యండి. వాళ్ల దగ్గర లేని సంచిక మీ ఇంట్లో ఉండొచ్చు.

ఇక మీరు చదివినవి చెప్పండి, వింటాను.