జీతం బాకీ ఉండగానే విమానం ఎక్కితే

(హనుమకొండ స్టూడియోలో జరిగిన చర్చ. పాల్గొన్నవారి కోరిక మేరకు పేర్లు ఇవ్వడం లేదు.)

సమన్వయకర్త: అందరికీ నమస్కారం. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్, కామారెడ్డి, నిర్మల్... ఈ జిల్లాల్లో ఏ వాడకట్టుకు వెళ్లినా గల్ఫ్ చూసి వచ్చిన మనిషి ఒకరైనా ఉంటారు. దుబాయ్ పైసలతో లేచిన ఇళ్ల గురించి చాలాసార్లు మాట్లాడుకున్నాం. ఇవాళ రాని పైసల గురించి మాట్లాడదాం. జగిత్యాల జిల్లా నుంచి వచ్చిన అన్న సౌదీలో తొమ్మిదేళ్లు పనిచేశారు. అన్నా, మీతోనే మొదలుపెడదాం.

కార్మికుడు: దమ్మాంలో ఉండేవాణ్ణి మేడమ్. స్టీల్ ఫిక్సర్ పని. నెలకు 1,500 రియాళ్లు. ఎనిమిదేళ్ల పైన బాగానే ఇచ్చారు, అబద్ధం చెప్పొద్దు. చివరి ఏడు నెలలు ఒక్క రియాల్ ఇవ్వలేదు. మొదట 'వచ్చే నెల కలిపి ఇస్తాం' అన్నారు. తర్వాత సైట్ బిల్లు రాలేదన్నారు. క్యాంపులో మెస్ బంద్ అయింది. పక్క క్యాంపులో మనవాళ్లు బియ్యం ఇస్తే వండుకున్నాం. అకామా, అంటే అక్కడ ఉండటానికి ఇచ్చే గుర్తింపు కార్డు, గడువు దగ్గర పడుతుంటే టెన్షన్. అది అయిపోతే బయట అడుగు పెట్టలేం, దవాఖానకు కూడా పోలేం. చివరికి ఒకరోజు ఎగ్జిట్ (దేశం విడిచిపోయే వీసా) కొట్టి, టికెట్ చేతిలో పెట్టి, అరబ్బీ కాగితం మీద సంతకం పెట్టమన్నారు. పెట్టాను.

సమన్వయకర్త: అందులో ఏముందో అడిగారా?

కార్మికుడు: అడిగితే టికెట్ వాపస్ తీసుకుంటారేమో అని భయం. అప్పటికే మా నాయనకు పక్షవాతం వచ్చింది. ఇంటికి చేరితే చాలు అనిపించింది.

సమన్వయకర్త: న్యాయవాది మేడమ్ కరీంనగర్ నుంచి వచ్చారు. మేడమ్, ఆ సంతకంతో అంతా అయిపోయినట్టేనా?

న్యాయవాది: మనవాళ్లు అలాగే అనుకుని ఊరుకుంటారు. సౌదీ కార్మిక చట్టం అలా అనదు. పని ఒప్పందం నడుస్తుండగా కార్మికుడి చేత హక్కులు వదులుకున్నట్టు రాయించుకుంటే, అది అతనికి మేలు చేసేదైతే తప్ప చెల్లదు. ఇంకో సంగతి ఉంది. సౌదీలో 2013 నుంచి, దుబాయ్ వైపు 2009 నుంచే, జీతాలు బ్యాంకు ద్వారా వేయాలనే పద్ధతి ఉంది. 'అన్నీ ముట్టాయి' అని కాగితం మీద రాసి ఉండొచ్చు. బ్యాంకు స్టేట్‌మెంట్‌లో ఆ ఏడు నెలలు ఖాళీగా కనిపిస్తాయి కదా! అన్నకు నెల జీతమే కాదు, సర్వీసు డబ్బు కూడా రావాలి. సౌదీలో మొదటి ఐదేళ్లకు ఏడాదికి అర నెల జీతం, ఆ తర్వాత ఏడాదికి ఒక నెల జీతం. అన్నా, మీ లెక్క ఎప్పుడైనా వేసుకున్నారా?

కార్మికుడు: లేదు మేడమ్. ఏడు నెలల జీతమే అడుగుతున్నా.

న్యాయవాది: ఇప్పుడు వేద్దాం. మొదటి ఐదేళ్లకు 750 చొప్పున 3,750. తర్వాతి నాలుగేళ్లకు 1,500 చొప్పున 6,000. అక్కడికి 9,750. ఏడు నెలల జీతం 10,500. మొత్తం 20,250 రియాళ్లు. రియాల్‌కు 22 రూపాయలు వేసుకున్నా 4 లక్షల 45 వేల పైమాటే.

(కాసేపు ఎవరూ మాట్లాడలేదు.)

కార్మికుడు: బిడ్డ పెళ్లికి తెచ్చిన అప్పు మూడు లక్షలు, మేడమ్.

సమన్వయకర్త: అక్కా, మీది సిరిసిల్ల జిల్లా. మీ ఇంటాయన దుబాయ్ పోయారు. మీ సంగతి చెప్పండి.

గృహిణి: మా ఆయనది కంపెనీ వీసా కాదమ్మా. విజిట్ వీసా మీద పంపించారు. ఊళ్లో ఉండే ఏజెంటు లక్షా ఇరవై వేలు తీసుకున్నాడు. అక్కడికి పోయినంక కంపెనీ వీసాకు మారుస్తామన్నారు, మార్చలేదు. ఒక చిన్న కాంట్రాక్టరు దగ్గర నాలుగు నెలలు పని చేయించుకుని పైసలు ఇవ్వలేదు. వీసా అయిపోయింది, ఖల్లివల్లి అయ్యాడు. ఫోన్ చేసి గట్టిగా ఏడ్చేవాడు. 2024లో అక్కడ క్షమాభిక్ష పెట్టినప్పుడు ఔట్‌పాస్ (ఇంటికి పోవడానికి ఇచ్చే కాగితం) తీసుకుని వచ్చాడు. నేను బీడీలు చేస్తాను. నూటికి మూడు రూపాయల వడ్డీ. ఎన్ని బీడీలు చుడితే తీరుతుందమ్మా ఆ అప్పు?

సమన్వయకర్త: విన్నవాళ్లలో కొందరికి 'ఖల్లివల్లి' తెలియకపోవచ్చు. కాగితాలు లేకుండా, కంపెనీ నీడ లేకుండా మిగిలిపోయినవాళ్లను మనవాళ్లు అలా అంటారు. సార్, నిజామాబాద్ వైపు వలస కార్మికుల మధ్య చాలా ఏళ్లుగా తిరుగుతున్నారు మీరు. ఈ విజిట్ వీసా దారి ఎందుకు మూసుకోవడం లేదు?

కార్యకర్త: ఏజెంటుకు అందులోనే లాభం కాబట్టి. రిజిస్టర్డ్ ఏజెంటు కార్మికుడి దగ్గర సర్వీసు ఛార్జీ కింద 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ మించి తీసుకోకూడదు. అక్క దగ్గర తీసుకున్నది లక్షా ఇరవై వేలు! పదో తరగతి పాస్ కాని మనిషి పద్ధతి ప్రకారం గల్ఫ్ పనికి పోవాలంటే కేంద్ర ప్రభుత్వ వెబ్‌సైటు ఈ-మైగ్రేట్‌లో కాంట్రాక్టు ఎక్కాలి, ఎమిగ్రేషన్ క్లియరెన్స్ రావాలి. దాంతోపాటు ప్రవాసీ భారతీయ బీమా ఉంటుంది, ప్రమాదంలో చనిపోతే 10 లక్షలు. విజిట్ వీసా మీద పోతే ఇవేవీ ఉండవు. ఎంత జీతానికి పోయాడో చూపించే కాగితం ముక్క ఉండదు. పైగా విజిట్ వీసా మీద పని చేయడం అక్కడ నేరం. అంటే జీతం ఎగ్గొట్టినోడి మీద ఫిర్యాదు చేయాలన్నా మన మనిషే భయపడాలి. అక్క ఇంటాయనకు అదే జరిగింది. ఆయన కేసు అక్కడ కష్టం. ఇక్కడి ఏజెంటును మాత్రం వదలకూడదు. లైసెన్సు లేకుండా పంపడం 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద నేరం. అక్కా, పోలీస్ స్టేషన్‌కు పోయారా?

గృహిణి: ఆ ఏజెంటు మాకు వరసకు బావ అవుతాడు సారు. ఊళ్లో పెద్దమనుషులు 'మీలో మీరు మాట్లాడుకోండి' అన్నారు.

కార్యకర్త: అదే జరుగుతుంది ప్రతి ఊళ్లో. డబ్బు ఎలా ఇచ్చారు, చేతికా?

గృహిణి: ఎనభై వేలు చేతికి. నలభై వేలు మా తమ్ముడు ఫోన్‌పే చేశాడు.

కార్యకర్త: ఆ నలభై వేలు చాలు అక్కా కేసు నిలబడటానికి. తమ్ముడి ఫోన్ మార్చనివ్వకండి.

సమన్వయకర్త: కరోనా అప్పుడు వచ్చినవాళ్ల మాట కూడా మీరు ఎత్తుతారని తెలుసు, సార్.

కార్యకర్త: ఎత్తకుండా ఎలా ఉంటాను? 2016లో జెద్దాలో కంపెనీలు చేతులెత్తేస్తే వేలమంది మనవాళ్లు క్యాంపుల్లో ఆకలితో ఉన్నారు. కాన్సులేట్ అన్నం పెట్టింది, విదేశాంగ సహాయ మంత్రి వి.కె.సింగ్ అక్కడికి వెళ్లారు. రావాల్సిన జీతం క్లెయిమ్ రాసిచ్చి ఇంటికి రండి అని అప్పటి విదేశాంగ మంత్రి సుష్మా స్వరాజ్ చెప్పారు. ఆ మాట చాలా విలువైనది. 2020 మేలో, కరోనాలో చిక్కుకున్నవాళ్లను తెచ్చే వందే భారత్ విమానాలు మొదలయ్యాయి. మా మండలంలో దిగినవాళ్లను నేను ఇంటింటికీ తిరిగి అడిగాను. 'నీకు కంపెనీ ఎంత బాకీ ఉంది' అని అక్కడ గానీ ఇక్కడ గానీ ఒక్కరినీ ఎవరూ అడగలేదు. క్వారంటైన్ ఫారం నింపించారు. అందులోనే బాకీ ఎంతో రాసుకోవడానికి ఒక్క గడి పెట్టి ఉంటే! పైగా అదే ఏడాది సెప్టెంబర్‌లో గల్ఫ్ కార్మికుల కనీస రెఫరల్ వేతనాలను, అంటే ఇంతకన్నా తక్కువకు పంపకూడదని పెట్టిన జీతాలను, కేంద్రం 30 నుంచి 50 శాతం దాకా తగ్గించింది. తెలంగాణ హైకోర్టులో పిల్ వేస్తే, 2021లో పాత వేతనాలు మళ్లీ అమల్లోకి తెచ్చారు. పోరాడితేనే వచ్చింది.

సమన్వయకర్త: రాష్ట్ర ప్రభుత్వం 2024లో గల్ఫ్ మృతుల కుటుంబాలకు 5 లక్షల ఎక్స్‌గ్రేషియా తెచ్చింది. హైదరాబాద్ ప్రజాభవన్‌లో గల్ఫ్ వాళ్ల ఫిర్యాదులు వినడానికి ప్రవాసీ ప్రజావాణి కూడా పెట్టారు.

కార్యకర్త: మంచిదే, అడిగి సాధించుకున్నదే. కానీ చనిపోయాక ఇచ్చే డబ్బుకు కలెక్టర్ ఆఫీసులో దరఖాస్తు ఉంది. బతికొచ్చినవాడి జీతం అడగడానికి జగిత్యాల నుంచి హైదరాబాద్ బస్సెక్కాలి. కూలికి పోయే మనిషి ఒక రోజు పని పోగొట్టుకుని ఎన్నిసార్లు వస్తాడు? ప్రతి కలెక్టరేట్‌లో ఒక బల్ల, పవర్ ఆఫ్ అటార్నీ (మన తరఫున కేసు నడిపే అధికార పత్రం) రాసిపెట్టే మనిషి ఒకరు కావాలి. అంతకన్నా పెద్ద కోరిక ఏమీ లేదు.

న్యాయవాది: ఆ పవర్ ఆఫ్ అటార్నీ దగ్గరే చాలా కేసులు ఆగిపోతున్నాయి. మనిషి వచ్చేశాక కూడా అక్కడ అతని తరఫున కేసు నడపొచ్చు. దానికి అధికారం రాసిచ్చి, విదేశాంగ శాఖ ధృవీకరణ చేయించి పంపాలి. విదేశాంగ శాఖ ఫిర్యాదుల వెబ్‌సైటు మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు పెడితే ఎంబసీకి చేరుతుంది. సౌదీలో కేసు మొదట రాజీ విభాగానికి వెళ్తుంది. 21 రోజుల్లో కుదరకపోతే లేబర్ కోర్టు. కార్మికుడికి కోర్టు ఫీజు లేదు. అసలు అడ్డంకి గడువు. సౌదీలో పని సంబంధం ముగిసిన నాటి నుంచి 12 నెలలు. దుబాయ్‌లో కార్మిక చట్టానికి 2024లో చేసిన సవరణ తర్వాత రెండేళ్లు. మనవాళ్లు ఏం చేస్తారు? 'మేనేజర్ ఫోన్ ఎత్తితే అడుగుదాం' అని ఆ ఏడాదంతా ఎదురుచూస్తారు. అన్నా, మీకు ఎగ్జిట్ పడి ఎన్నాళ్లయింది?

కార్మికుడు: దసరా ముందు వచ్చిన మేడమ్. ఎనిమిది నెలలు దాటింది.

న్యాయవాది: అయితే ఇంకా మూడు నెలల పైన ఉంది! అకామా కాపీ ఉందా?

కార్మికుడు: ఫోన్‌లో ఉంది. (ఫోన్ తీసి చూపిస్తూ) ఇదిగో. పాస్‌పోర్టులో ఎగ్జిట్ ముద్ర ఉంది. బ్యాంకు యాప్ ఇంకా తెరుచుకుంటుంది కానీ ఓటీపీ ఆ సౌదీ నంబరుకు పోతుంది.

న్యాయవాది: సిమ్ ఎక్కడుంది?

కార్మికుడు: మాతోపాటు పనిచేసిన ధర్మపురి దోస్తు దగ్గర. వాడు ఇంకా అక్కడే ఉన్నాడు. వానికీ జీతం లేదు.

న్యాయవాది: ఈ రాత్రే ఫోన్ చేయండి. ఆ స్టేట్‌మెంట్ తీసి పంపమనండి. అతన్ని విమానం ఎక్కక ముందే మక్తబ్ అమల్‌లో, అంటే అక్కడి లేబర్ ఆఫీసులో, ఫిర్యాదు పెట్టమనండి. అరబ్బీ కాగితం ఇస్తే ఫొటో తీసుకోకుండా సంతకం పెట్టొద్దని చెప్పండి. మీరు సోమవారం పాస్‌పోర్టు పట్టుకుని కరీంనగర్ రండి. కాగితాలు నేను రాస్తాను, ఫీజు అక్కర్లేదు.

గృహిణి: నేనూ రావచ్చా మేడమ్? తమ్ముని ఫోన్ తీసుకుని?

న్యాయవాది: రండి అక్కా. ఇంటాయనను కూడా తీసుకురండి.