బల్లెం పేరున్న బండి: లాంచా నిన్న, రేపు

శ్రోతలకు నమస్కారం.

లాంచా అంటే ఇటాలియన్‌లో బల్లెం. అలాగని అది కారుకోసం వెతికి పెట్టిన పేరు కాదు, కంపెనీ పెట్టినాయన ఇంటిపేరు. ఇంగ్లీషు స్పెల్లింగు చూసి మనలో చాలామంది లాన్సియా అంటారు, ఇటలీవాళ్ల నోట మాత్రం అది లాంచా. విన్‌చెంజో లాంచా తండ్రి డబ్బాల్లో సూపు నింపి అమ్మిన వ్యాపారి. కొడుకు ఫియట్‌లో టెస్ట్ డ్రైవరుగా చేరాడు, రేసులు నడిపాడు, 1906 నవంబరులో ఫియట్‌లోనే పనిచేస్తున్న క్లాడియో ఫొగోలిన్‌ని కలుపుకుని ట్యూరిన్‌లో సొంత కంపెనీ తెరిచాడు.

ఫెరారీ ప్రియులు హార్స్‌పవర్ గురించి చెబుతారు, లాంబోర్గినీ ప్రియులు తలుపులు ఎలా తెరుచుకుంటాయో చూపిస్తారు. లాంచా మనిషి మాత్రం మిమ్మల్ని నేలమీద పడుకోబెట్టి బండి అడుగుభాగం చూపిస్తాడు. ఆయన చూపించదలిచిందంతా అక్కడే ఉంది. ఆ బండి గొప్ప బయటికి కనపడేది కాదు, దాని జబ్బులూ అంతే. ఈ రోజు ఆ రెండింటి గురించీ మాట్లాడుకుందాం.

1922లో పారిస్, లండన్ మోటారు ప్రదర్శనల్లో లాంచా లాంబ్డా అనే కారు కనిపించింది. అప్పటిదాకా కారంటే నిచ్చెనలాంటి ఇనప ఛాసిస్, దానిమీద బిగించిన బాడీ. మన లారీలు ఇప్పటికీ అలాగే ఉంటాయి, ఛాసిస్ ఒక ఊళ్లో, బాడీ కట్టించేది ఇంకో ఊళ్లో. లాంబ్డాలో ఆ నిచ్చెన తీసేశారు. బరువు బాడీయే మోస్తుంది. ఓడ పొట్టని చూసి విన్‌చెంజోకి ఈ ఆలోచన వచ్చిందని చెబుతారు. ఛాసిస్ పోయేసరికి సీట్లు కిందికి దిగాయి, ఇంజన్ నుంచి వెనక్కి వెళ్లే షాఫ్టుకి సీట్ల మధ్య సొరంగంలా దారి వచ్చింది. ఈ రోజు మన వీధిలో నిలబెట్టిన ఏ చిన్న కారు లోపలికి చూసినా ముందు సీట్ల మధ్య ఎత్తుగా ఒక గట్టు కనపడుతుంది కదా, అలాంటిదే.

ఆ బండి ఇంజన్ మరీ విచిత్రం. రేడియోలో బొమ్మ చూపించలేను కాబట్టి మీ చేతినే వాడుకుందాం. చూపుడు వేలు, మధ్య వేలు విడదీసి విజయం గుర్తు పెట్టండి. మామూలు 'వీ' ఇంజన్లో సిలిండర్లు అలా రెండు వరసలుగా విడిపోయి ఉంటాయి, ఒక్కో వరసకి ఒక్కో హెడ్, అంటే సిలిండర్లని పైన మూసే మూత, కావాలి. ఇప్పుడు వేళ్లు దాదాపు అంటుకునేలా దగ్గరికి తీసుకురండి. లాంచా 'వీ ఫోర్' అది. రెండు వరసల మధ్య కోణం పదమూడు, పద్నాలుగు డిగ్రీలకు మించదు. రెండు వరసలకూ ఒకే హెడ్ సరిపోతుంది, ఇంజన్ పొడవు తగ్గుతుంది. 2120 సీసీ, 49 హార్స్‌పవర్. అంకె చిన్నదే. కానీ ముందు చక్రాలు దేనికది విడిగా ఆడే సస్పెన్షన్ ఉండటంతో గతుకుల రోడ్డు మీద అది అప్పటి పెద్ద ఇంజన్ల కార్లకు ఏమాత్రం తీసిపోలేదు.

విన్‌చెంజో 1937లో చనిపోయాడు. తర్వాత కొడుకు జాన్ని కాలంలో, 1950లో, ఆరేలియా వచ్చింది. పెద్ద ఎత్తున తయారైన కార్లలో వీ సిక్స్ ఇంజన్ పెట్టింది మొదట దీనికే. ఆ ఇంజన్ ఫ్రాంచెస్కో డి విర్జీలియో పని, పైన పెద్ద తలకాయ విత్తోరియో యానో. క్లచ్, గేర్ బాక్స్ రెంటినీ ఇంజన్ దగ్గర కాకుండా వెనక ఇరుసు దగ్గర పెట్టారు. ముందూ వెనకా బరువు సమానంగా పంచుకోవడం దీని లాభం. నష్టం కూడా ఉంది. క్లచ్ వెనక ఉంది కాబట్టి మధ్యలో ఉన్న పొడవాటి షాఫ్టు, బండి సిగ్నల్ దగ్గర ఆగినా, ఇంజన్ వేగంతోనే తిరుగుతూ ఉంటుంది. దాని రబ్బరు జాయింట్లు అరిగాయంటే సీటు కింద సన్నటి వణుకు మొదలవుతుంది. ఆరేలియా కొనేవాళ్లు బండిని కదిలించకముందే న్యూట్రల్‌లో ఇంజన్ రేజ్ చేసి, అరిచెయ్యి ఆ సొరంగం మీద ఆనించి చూడటం అందుకే.

జాన్ని ఖర్చుకి వెనకాడే మనిషి కాదు. డి 50 అనే ఫార్ములా వన్ కారు చేయించాడు. 1955 మే నెలలో దాని డ్రైవర్ అల్బెర్తో ఆస్కారి మొనాకోలో కారుతో సహా సముద్రంలో పడి బతికి బయటపడ్డాడు, నాలుగు రోజులకి మోంజాలో ఒక ఫెరారీ నడుపుతూ చనిపోయాడు. కంపెనీ దగ్గర డబ్బు అయిపోయింది. డి 50 కార్లన్నిటినీ ఫెరారీకి అప్పగించేశారు, మరుసటి ఏడాది రేసు డ్రైవర్ ఫాంజియో వాటితోనే ప్రపంచ విజేత అయ్యాడు. లాంచా సిమెంటు వ్యాపారం చేసే పెసెంతి కుటుంబం చేతికి వెళ్లింది.

ఆ యజమానుల కాలంలో వచ్చిన ఫుల్వియా, నా లెక్కలో, లాంచా బుర్రకీ సామాన్యుడి జేబుకీ కుదిరిన చివరి రాజీ. 1963లో నాలుగు తలుపుల సెలూన్, 1965లో రెండు తలుపుల కూపే. ముందు చక్రాల డ్రైవ్, సన్న కోణం వీ ఫోర్ ఇంజన్‌ని 45 డిగ్రీలు పక్కకి వాల్చి పెట్టారు. 1972లో సాంద్రో మునారి దీని వేగం రకమైన 1.6 హెచ్ఎఫ్‌తో మాంటే కార్లో ర్యాలీ గెలిచాడు. ఈ బండి కొనేటప్పుడు ఇంజన్ చప్పుడు విని మురిసిపోకండి. ఇంజనూ, గేర్ బాక్సూ, ముందు సస్పెన్షనూ మోసే సబ్‌ఫ్రేమ్ బాడీకి బిగిసే చోట్లు చూడాలి, ముఖ్యంగా వెనక వైపు మౌంటింగులు. అక్కడ స్క్రూడ్రైవర్ మొనతో మెల్లగా నొక్కితే టంగుమనాలి. మొన లోపలికి దిగిందంటే బేరం అక్కడికి ఆపేయండి. ఇంకో చిట్కా. రంగు కింద పుట్టీ ఉందేమో కనిపెట్టడానికి అయస్కాంతం వాడతాం కదా. తొలి 1.6 హెచ్ఎఫ్‌లో తలుపులూ బానెట్టూ డిక్కీ మూతా అల్యూమినియంతో చేసినవి, వాటికి అయస్కాంతం అంటుకోకూడదు. అంటుకుంటే అది మామూలు కూపే తలుపు, మధ్యలో ఎవరో మార్చారు.

1969లో ఫియట్ లాంచాని అప్పులతో సహా తీసుకుంది. మన ఊళ్లలో డాక్టర్లూ ప్లీడర్లూ నడిపిన ఫియట్ 1100, తర్వాత ప్రీమియర్ పద్మినీ అయిన బండి, ఆ కంపెనీ డిజైనే. దిట్టమైన సాదా కార్లు చేసే సంస్థ ఇంజనీర్లు రాజ్యమేలే సంస్థని కొంటే ఏమవుతుందో అదే అయింది, విడి భాగాలు ఉమ్మడి అయిపోయాయి.

అయినా ర్యాలీల వల్ల ఇరవై ఏళ్లు పరువు నిలబడింది. స్ట్రాటోస్‌ని చూడండి. అప్పటిదాకా రోడ్డు కారుని ర్యాలీకి తయారు చేసేవాళ్లు, దీన్ని ర్యాలీ కోసమే పుట్టించారు. ముందు, వెనక చక్రాల మధ్య దూరం 2180 మిల్లీమీటర్లు. మన మారుతి 800కి 2175. అంటే మారుతి 800 అంత పొట్టి బండికి డ్రైవరు వీపు వెనక ఫెరారీ వారి 2.4 లీటర్ల వీ సిక్స్ ఇంజన్! మలుపులో చటుక్కున తిరుగుతుంది, తడి రోడ్డు మీద అంతే చటుక్కున గిర్రున తిరిగిపోతుంది. 1974, 75, 76 మూడేళ్లూ ప్రపంచ టైటిల్ దానిదే. 1983లో 037 అనే కారు వెనక చక్రాల డ్రైవ్‌తోనే, నాలుగు చక్రాల డ్రైవ్ ఉన్న ఆడి క్వాట్రోని ఓడించింది. 1986 మే 2న కోర్సికాలో డెల్టా ఎస్ 4 లోయలో పడి డ్రైవర్ హెన్రీ టోయివోనెన్, పక్కన దారి చెప్పే సెర్జియో క్రెస్టో చనిపోయారు, దాంతో గ్రూప్ బి అనే ఆ తరగతి కార్లనే నిషేధించారు. అక్కడినుంచి 1987 మొదలు 1992 దాకా వరసగా ఆరేళ్లు డెల్టాదే టైటిల్. మొత్తం పది.

ఇదే కాలంలో పరువు తీసిన బండి కూడా ఉంది, 1972లో వచ్చిన బీటా. బ్రిటన్‌లో 1980లో పెద్ద గొడవైంది. ఇంజన్ సబ్‌ఫ్రేమ్ బిగించే చోట బాడీ తుప్పు పట్టి తినేయడంతో కంపెనీయే కొన్ని కార్లను వెనక్కి కొనుక్కోవలసి వచ్చింది. వాటికి వాడిన రష్యా ఇనుము నాసిరకమని ఒక కథ ప్రచారంలో ఉంది. నాకైతే ఆ కథ అక్కరలేదనిపిస్తుంది. డబ్బాలా మూసి ఉన్న అతుకులోకి నీరు చేరి, బయటికి పోయే దారి లేకపోతే ఏ దేశం ఇనుమైనా పుచ్చిపోతుంది. చలికాలంలో అక్కడి రోడ్ల మీద చల్లే ఉప్పు ఆ పని త్వరగా ముగిస్తుంది.

ఇప్పుడు అందరూ వెంటపడే డెల్టా ఇంటెగ్రాలే, నాలుగు చక్రాల డ్రైవ్ ఉన్న డెల్టా, దగ్గరికి వద్దాం. 1987 చివర ఎనిమిది వాల్వులది, 1989లో పదహారు వాల్వులది, 1991లో ఎవొలుజియోనే. ఆఖరిది 1994లో బయటికొచ్చింది. ఎవొలుజియోనే ధర ఎక్కువ కాబట్టి పదహారు వాల్వుల బండికి వెడల్పాటి మడ్‌గార్డులు తొడిగి అదే అని అమ్మేవాళ్లు ఉంటారు. చక్రం బోల్టులు లెక్కపెట్టండి. పాతవాటికి నాలుగు, ఎవొలుజియోనేకి ఐదు. మడ్‌గార్డు మార్చడం తేలిక, హబ్బులన్నీ మార్చడం అంత తేలిక కాదు. ఆ తర్వాత ఛాసిస్ నంబరు చూడండి. జెడ్ఎల్ఏ831 అని మొదలవ్వాలి, కాగితాల మీదా ఇనుము మీదా ఒకటే ఉండాలి.

తర్వాత ముందు అద్దం పై మూలలు. పిల్లరూ పైకప్పూ కలిసేచోట రంగు కింద వెంట్రుకంత గీత కనపడితే అది రంగు పగులు కాకపోవచ్చు, లోపల ఇనుమే చీలి ఉండవచ్చు. అద్దం అడుగున నీళ్లు పోయే గాడిలో ఆకులు ఇరుక్కుంటే నీరు నిలిచి తుప్పు లోలోపలికి పోతుంది. కార్పెట్ ఎత్తి తడి చూడండి.

ఇంజన్లో రెండు బెల్టులు. ఒకటి టైమింగ్ బెల్ట్, రెండోది ఇంజన్ వణుకు తగ్గించే బ్యాలెన్స్ షాఫ్టుల బెల్ట్. రెండోది తెగితే ఏముందిలే అనుకుంటారు. దాని ముక్కలు ఎగిరి టైమింగ్ బెల్ట్ కింద పడతాయి, అది జారుతుంది, పిస్టన్లు వాల్వుల్ని గుద్దుతాయి, పదహారూ వంగుతాయి. కాబట్టి తిరిగిన కిలోమీటర్లు ఎంతైనా మూడేళ్లకోసారి రెండు బెల్టులూ, టెన్షనర్లూ, వాటర్ పంపూ ఒకేసారి మార్చించాలి. షెడ్లో మూలన పడి ఉన్న బండి బెల్టు ఇంకా త్వరగా పాడవుతుంది. బిల్లు మీద తేదీ లేకపోతే మార్చలేదనే లెక్క.

నాలుగు చక్రాల డ్రైవ్ పరీక్ష సులువు. ఖాళీ గ్రౌండులో స్టీరింగ్ పూర్తిగా ఒక పక్కకి తిప్పి, ఫస్ట్ గేర్లో క్లచ్ వదిలేసి, యాక్సిలరేటర్ ముట్టుకోకుండా గుండ్రంగా తిరగనివ్వండి. సాఫీగా తిరగాలి. ఎవరో బ్రేకు నొక్కుతున్నట్టు ముక్కుతూ ఆగబోతే ముందు, వెనక చక్రాల మధ్య శక్తిని పంచడంలో సాయపడే విస్కస్ కప్లింగ్ బిగుసుకుపోయినట్టు. దానిలో సన్నటి పళ్లేలు, వాటి మధ్య సిలికాన్ ద్రవం. ముందు, వెనక చక్రాల వేగాల్లో తేడా ఎప్పుడూ ఉంటే ద్రవం వేడెక్కి చిక్కబడుతుంది. ఈ తేడా చాలాసార్లు టైర్ల వల్లే వస్తుంది. రెండు కొత్తవి, రెండు అరిగినవి వేస్తే చుట్టుకొలతలు సమానంగా ఉండవు. మారిస్తే నాలుగూ మార్చాలి. రెండు చక్రాలు ఎత్తి లాక్కెళ్లే టోయింగ్ వద్దే వద్దు, బండిని లారీ మీద ఎక్కించాల్సిందే.

మరి రేపటి మాటేమిటి? 2017 నుంచి లాంచా పేరుతో ఇటలీలో ఒక్క ఇప్సిలాన్ అనే చిన్న కారు మాత్రమే అమ్ముడైంది. 2021లో ఫియట్ గ్రూపు, పెజో గ్రూపు కలిసి స్టెల్లాంటిస్ అయ్యాక, 2024లో కొత్త ఇప్సిలాన్ వచ్చింది. తయారయ్యేది స్పెయిన్‌లో, అడుగుభాగం పెజో 208, ఓపెల్ కోర్సాలతో పంచుకున్నది. ఈ ఖాళీ చూసి బయటివాళ్లు రంగంలోకి దిగారు. కిమెరా అనే చిన్న సంస్థ 037ని కొత్త భాగాలతో మళ్లీ 37 కార్లుగా కట్టింది. ఆమోస్ అనే ఇంకో చిన్న సంస్థ వాళ్లు పాత ఇంటెగ్రాలేల్ని విప్పి ఫుతురిస్తా పేరుతో ఇరవై కార్లు చేశారు. అసలు కంపెనీ చేయని పనిని వీళ్లు కోట్ల రూపాయల ధరకి చేస్తున్నారు, కొనేవాళ్లు కొంటున్నారు.

కంపెనీ కూడా హెచ్ఎఫ్ అనే అక్షరాల్ని మళ్లీ బయటికి తీసింది. ఇప్సిలాన్ హెచ్ఎఫ్ కరెంటుతో నడిచే బండి, 280 హార్స్‌పవర్, ముందు చక్రాల డ్రైవ్. ముందు ఇరుసులో టోర్సెన్ డిఫరెన్షియల్ ఉంది, అంటే రెండు చక్రాల్లో పట్టు ఉన్నదానికి ఎక్కువ శక్తి పంపే గేర్ల అమరిక. ఇంటెగ్రాలే వెనక ఇరుసులో ఉన్నదీ టోర్సెనే, అందుకే ఆ పేరు వినగానే పాతవాళ్ల చెవులు నిక్కబొడుచుకున్నాయి. అయితే ఆ మోటారూ ఆ డిఫరెన్షియలూ ఇదే స్టెల్లాంటిస్ గ్రూపు బండ్లైన ఆల్ఫా రోమియో జూనియర్ వెలోచేలోనూ ఉన్నాయి, అబార్త్ 600ఇ లోనూ ఉన్నాయి. మూడు బండ్లనీ లిఫ్ట్ ఎక్కించి కింద నిలబడి చూసేవాడికి ఏది లాంచానో చెప్పడానికి పైన బాడీ మీది బ్యాడ్జీ చూడవలసి వస్తుంది.

సెలవు. నమస్కారం.