కొనేది పాత రేటుకు, బాగుచేయించేది కొత్త రేటుకు

వ్యాఖ్యాత: మల్కాజిగిరి నుంచి ఒక శ్రోత లైన్లో ఉన్నారు. చెప్పండి సార్.

శ్రోత: నమస్కారమండి. బీఎండబ్ల్యూ కొనాలని నాకు చిన్నప్పటి నుంచి కోరిక. 2014 మోడల్ 320డి ఒకటి చూశాను, ఢిల్లీ బండి. సెకండ్ హ్యాండ్ క్రెటా వచ్చే రేటుకే ఇస్తానంటున్నాడు. మా ఆవిడేమో క్రెటానే తీసుకుందాం అంటోంది. రిపేర్లలో నిజంగా అంత తేడా ఉంటుందా?

మెకానిక్: ఉంటుంది సార్. ఏళ్లు గడిచే కొద్దీ బండి రేటు పడిపోతుంది, దాని సామాను రేటు మాత్రం పడదు. కొత్తప్పుడు అది 40 లక్షలకు అటూ ఇటూగా ఉన్న కారు. హెడ్‌లైట్ పగిలినా, బ్రేక్ డిస్కులు అరిగినా మీరు కట్టేది ఆ కారు లెక్కే.

శ్రోత: బయట గ్యారేజీలో చేయిస్తే?

మెకానిక్: లేబర్ తగ్గుతుంది. కానీ క్రెటా, స్విఫ్ట్ సామాను రాణిగంజ్‌లో ఎక్కడ అడిగినా దొరుకుతుంది, దీనికి చాలా పార్టులు ఆర్డర్ పెట్టి ఎదురుచూడాలి. బ్యాటరీ సంగతే చూడండి. స్విఫ్ట్‌కైతే రోడ్డు పక్కనే నట్లు విప్పి పది నిమిషాల్లో మార్చేస్తాం. ఇందులో బ్యాటరీ డిక్కీలో ఉంటుంది. కొత్తది పెట్టాక స్కానర్ తగిలించి, బ్యాటరీ మారిందని కారు కంప్యూటర్‌కి చెప్పాలి. చెప్పకపోతే పాతదాని లెక్కనే ఛార్జింగ్ ఇస్తూ కొత్తదాన్ని కూడా తొందరగా పాడుచేస్తుంది. దీనికి వచ్చే రన్-ఫ్లాట్ టైర్లు, అంటే గాలి పోయినా కొంత దూరం నడిచేవి, మామూలు టైర్ల కంటే బాగా ఖరీదు.

వ్యాఖ్యాత: ఇంజిన్ సంగతేంటండీ?

మెకానిక్: అసలు టెన్షన్ అక్కడే. ఇంజిన్ లోపలి భాగాలను ఒక లెక్కలో కలిపి తిప్పే గొలుసును టైమింగ్ చైన్ అంటాం. ఆ మోడల్ డీజిల్ ఇంజిన్‌లో అది ముందు ఉండదు, వెనక గేర్‌బాక్స్ వైపు ఉంటుంది. చైన్ మార్చాలంటే ఇంజిన్ గానీ గేర్‌బాక్స్ గానీ కిందికి దించాల్సిందే. చైన్ కంటే దించి ఎక్కించే కూలీయే బరువు.

శ్రోత: ఢిల్లీ బండి కాబట్టి చవక అన్నాడండీ.

మెకానిక్: పదేళ్లు దాటిన డీజిల్ బళ్లు అక్కడ తిరగకూడదని 2015లో ఎన్‌జీటీ, అంటే జాతీయ హరిత ట్రిబ్యునల్, అంది, 2018లో సుప్రీంకోర్టూ అదే చెప్పింది. అందుకే అవి ఇటు రావడం మొదలైంది. మీరు అక్కడి ఆర్టీవో నుంచి ఎన్‌ఓసీ, అంటే అభ్యంతరం లేదన్న కాగితం, తెచ్చుకోవాలి, ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కట్టి నంబరు మార్పించుకోవాలి. అదంతా కలిపి చూడండి, ఎంత చవకో తెలుస్తుంది. ఇంకోటి, సీటు బెల్టు చివరిదాకా లాగి చూడండి. నీళ్లలో మునిగిన బండి అయితే లోపలి భాగంలో బురద చార కనిపిస్తుంది. 2020 అక్టోబరు వానలకు టోలిచౌకిలో ఎన్ని కార్లు మునిగాయో మనకు తెలుసు కదా. పైన పాలిష్ కొడతారు గానీ, బెల్టు లోపల ఎవరూ కడగరు.

శ్రోత: అయితే వద్దంటారా?

మెకానిక్: ఉన్న డబ్బంతా బండికే పెడుతుంటే వద్దు సార్, మీ ఆవిడగారి మాట వినండి. కొన్నాక కూడా రెండు మూడు లక్షలు కదపకుండా బ్యాంకులో ఉంచగలిగితే, చాసిస్ నంబరుతో షోరూములో సర్వీస్ హిస్టరీ తీయించండి. నాలుగు టైర్లకు, బ్రేకులకు, ఒక హెడ్‌లైట్‌కు ఎంతవుతుందో కొటేషన్ రాయించుకోండి. ఆ కాగితం ఇంట్లో ఇద్దరూ చూశాకే అడ్వాన్సు ఇవ్వండి.

శ్రోత: బండిని మెకానిక్‌కి ఎప్పుడు చూపించాలండీ?

మెకానిక్: పొద్దున్నే. రాత్రంతా ఆగిన ఇంజిన్ మీ ముందే మొదటిసారి స్టార్ట్ చేయాలి, అరిగిన చైన్ చప్పుడు అప్పుడే బాగా తెలుస్తుంది. మీరు వెళ్లేసరికే బానెట్ వేడిగా ఉంటే, ఇంకో రోజు వస్తానని చెప్పి వచ్చేయండి.