డైరా: పసిబిడ్డ ఒంటినిండా చీము పొక్కులు, ఇన్ఫెక్షన్ మాత్రం లేదు

[తెరపై: పసిబిడ్డ వీపు. ఎర్రటి చర్మం మీద సన్నటి చీము పొక్కులు. ఫొటో వద్దు, గీసిన బొమ్మే.]

పుట్టి నెల కూడా తిరగలేదు, ఒంటినిండా చీము పొక్కులు. ఎత్తుకుంటే చాలు, బిడ్డ గుక్కపట్టి ఏడుస్తుంది. ఎవరు చూసినా ఇన్ఫెక్షనే అనుకుంటారు. యాంటీబయాటిక్ ఇస్తారు, తగ్గదు. మందు మారుస్తారు, అయినా తగ్గదు. చీము తీసి ల్యాబ్‌కు పంపితే అందులో ఏ క్రిమీ పెరగదు. రక్తపరీక్షలో సీఆర్‌పీ (ఒంట్లో వాపు ఉందని చెప్పే గుర్తు) బాగా ఎక్కువగా ఉంటుంది కానీ, చాలామంది పిల్లలకు జ్వరమే ఉండదు!

[తెరపై: ఎక్స్‌రే. ఉబ్బిన పక్కటెముకల చివర్లు.]

ఆ ఏడుపు ఎందుకో ఎక్స్‌రేలో తెలుస్తుంది. వాపు ఎముకల దాకా పాకింది. వైద్యం అందకపోతే ప్రాణం మీదికి వస్తుంది.

ఈ జబ్బు పేరు డైరా. దీని గుట్టు 2009లో బయటపడింది. అమెరికాలోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్స్ ఆఫ్ హెల్త్ పరిశోధకులు పోర్టోరికో, నెదర్లాండ్స్ వంటి చోట్ల పిల్లల జన్యువులు పరిశీలించారు. ఇంటర్‌ల్యూకిన్-1 అనే ప్రొటీన్ ఒంట్లో వాపును రగిలిస్తుంది. దాన్ని అదుపులో ఉంచడానికి ఇంకో ప్రొటీన్ ఉంటుంది, బండికి బ్రేకులాగా. ఈ పిల్లల్లో ఆ బ్రేకును తయారుచేసే జన్యువు, తల్లి నుంచి వచ్చిందీ తండ్రి నుంచి వచ్చిందీ, రెండూ చెడిపోయి ఉంటాయి. మేనరికాలు చేసుకునే మన కుటుంబాల్లో ఇలాంటి జబ్బులకు అవకాశం కాస్త ఎక్కువే.

నాకు బాగా నచ్చే సంగతి ఇదే: ఆ బ్రేకు ప్రొటీన్ అప్పటికే మందుగా ఉంది. పేరు అనకిన్రా. పెద్దవాళ్లకు వచ్చే రుమటాయిడ్ ఆర్థరైటిస్ అనే కీళ్ల జబ్బు కోసం 2001లోనే అనుమతి వచ్చింది. బిడ్డ ఒంట్లో ఏది లేదో, అదే సిరంజిలో దొరుకుతోందన్నమాట. ఇస్తే కొద్ది రోజుల్లోనే పొక్కులు మాడిపోతాయి.

ఈ మందును డైరాకు వాడటానికి అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి 2020 డిసెంబర్‌లో వచ్చింది. దానికి ఆధారం 9 మంది పిల్లల వివరాలు. 9 మందికీ జబ్బు అణిగింది. అంత తక్కువ మందేనా అనకండి, ఇంత అరుదైన జబ్బుకు అదే ఎక్కువ.

[తెరపై: ఫ్రిజ్ తలుపు లోంచి సిరంజి తీస్తున్న చెయ్యి.]

ఇబ్బంది ఎక్కడంటే, ఈ మందు ఒంట్లో కొన్ని గంటలే నిలుస్తుంది. అందుకే రోజూ సూది. ఫ్రిజ్‌లోనే ఉంచాలి, గడ్డకట్టకూడదు, కుదపకూడదు. చల్లగా ఉన్నప్పుడే పొడిస్తే మంట ఎక్కువ, కాబట్టి ముందే బయట పెట్టి చల్లదనం పోయాక ఇస్తారు. మొదటి వారాల్లో సూది వేసిన చోట ఎర్రగా దద్దు తేలడం మామూలే, టెన్షన్ పడక్కర్లేదు. బిడ్డ కాస్త పెరిగాక, జబ్బు అదుపులో ఉంటే, వారానికోసారి ఇచ్చే రిలోనసెప్ట్ అనే మందు కూడా ఉంది. కనీసం 10 కిలోల బరువు ఉండాలి.

ఒక్క జాగ్రత్త. ఈ మందు మీద ఉన్న బిడ్డకు తట్టు టీకాలాంటి లైవ్ టీకాలు వేయకూడదు. టీకా కార్డుతో పాటు మందు చీటీ కూడా పట్టుకెళ్లి, వేసే ముందే నర్సమ్మకు చూపించండి.