48 మంది పిల్లలతో కోనసీమ నుంచి హైదరాబాద్: విజ్ఞానయాత్రకి ముందు ఈ లెక్కలు వేసుకోండి

[తెర మీద: కాలవ గట్టు, కొబ్బరి చెట్ల మధ్య హైస్కూలు ఆవరణ]

నమస్కారమండి. పిల్లల్ని హైదరాబాద్ తీసుకెళ్దామనుకుంటున్న మాస్టార్లకి, టీచర్లకి ఈ వీడియో. ఏం చూపించాలో అందరూ ఆలోచిస్తారు. యాత్ర చెడేది మాత్రం బోగీ ఎక్కేటప్పుడు, స్నానాల దగ్గర, అన్నం పొట్లాల దగ్గర.

వెళ్లాల్సింది డిసెంబరులో. అక్టోబరు, నవంబరు తుఫాన్ల కాలం. సంక్రాంతికి రైళ్లలో చోటు దొరకదు. డిసెంబరు తెల్లవారుజామున అక్కడ చలి గట్టిగా ఉంటుంది, మన పిల్లల్లో చాలామందికి స్వెట్టరే ఉండదు. దుప్పటి తప్పనిసరని తల్లిదండ్రుల మీటింగులోనే చెప్పేయండి.

రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు. విద్యార్థుల రాయితీకి హెడ్మాస్టరు సంతకం, స్కూలు ముద్ర ఉన్న పత్రంతో స్టేషన్ కౌంటరుకే వెళ్లాలి. ఒక ఫారం మీద ఆరుగురికే టిక్కెట్లిస్తారు కాబట్టి, గుంపుగా కావాలని రైల్వే అధికారికి ముందే లేఖ ఇచ్చి అనుమతి తీసుకోండి. పల్లెటూరి ప్రభుత్వ బడికైతే ఏడాదికోసారి విజ్ఞానయాత్రకి సెకండ్ క్లాసులో 75 శాతం రాయితీ ఉంది. అడగడం మరిచిపోకండి.

[తెర మీద: స్లీపర్ బోగీ బొమ్మ, బెర్తుల నంబర్లు]

స్లీపర్‌లో ఎదురెదురుగా ఆరు, పక్కన రెండు, మొత్తం 8 బెర్తులు ఒకచోట ఉంటాయి. అందుకే పిల్లల్ని ఎనిమిదేసి మందిగా ఆరు జట్లు చెయ్యండి. అమలాపురానికి ఇంకా రైలు లేదు, బస్సులో రావులపాలెం మీదుగా రాజమండ్రి చేరాలి. అక్కడ రైలు ఆగేది కాసేపే. అందరూ ఒకే తలుపుకి ఎగబడితే బ్యాగులు ఇరుక్కుంటాయి, వెనకున్నవాళ్లు కంగారుపడతారు. మూడు జట్లు ముందు తలుపులో, మూడు జట్లు వెనక తలుపులో ఎక్కాలి. ముందు ఒక టీచరు ఎక్కాలి, అందరికన్నా ఆఖర్న ఇంకో టీచరు.

తలలు లెక్కపెట్టకండి. 1 నుంచి 48 వరకు నంబర్లివ్వండి, పిల్లలే వరసగా పలకాలి. ఇందులో జరిగే పొరపాటు ఒకటే. బాత్రూముకి వెళ్లిన స్నేహితుడి నంబరు పక్కవాడు పలికేస్తాడు. ఎవరి నంబరు వాళ్లే పలకాలని ఇంటి దగ్గరే రెండుసార్లు సాధన చేయించండి.

[తెర మీద: పెద్ద పళ్లెంలో ఆరబోసిన పులిహోర]

రాత్రి భోజనానికి చింతపండు పులిహోరకి మించింది లేదు. మనిషికి 100 గ్రాముల బియ్యం చొప్పున పిల్లలకి, టీచర్లకి కలిపి ఐదున్నర కిలోలు. అన్నం పలుకుగా వండి, పళ్లేల్లో పరిచి, పూర్తిగా ఆరాకే పొట్లం కట్టాలి. వేడిగా కడితే ఆవిరి లోపలే నీరై అన్నం చెమ్మెక్కి పాచిపోతుంది. మన ఇళ్లలో చేతికందే కొబ్బరి పచ్చడి మాత్రం వద్దు, తెల్లారేసరికి పులిసిపోతుంది.

సికింద్రాబాద్‌లో దిగాక స్నానాలు. నాలుగు బాత్రూములుంటే ఒక్కోదానికి 12 మంది, తలా 6 నిమిషాలు, మొత్తం 72 నిమిషాలు. టిఫిను దీనికి సమాంతరంగా జట్ల వారీగా నడిపించకపోతే గోల్కొండ చేరేసరికి ఎండెక్కుతుంది.

సాలార్‌జంగ్ మ్యూజియానికి శుక్రవారం సెలవు, జూకి సోమవారం. సోమవారం రాత్రి బయల్దేరి మంగళ, బుధవారాలు చూడటం మేలు. రోజుకి రెండు చోట్లే. జూ 380 ఎకరాలు, దానికి విడిగా ఒక రోజు ఉంటే తప్ప పెట్టుకోకండి.

[తెర మీద: గోల్కొండ ద్వారం, పైన బాలాహిస్సార్]

మంగళవారం పొద్దున గోల్కొండ. మన పిల్లలు పుట్టి పెరిగింది గోదావరి తెచ్చిపోసిన ఒండ్రు మీద. ఎంత తవ్వినా మన్నూ ఇసకే తప్ప రాయి తగలదు. అక్కడ కాళ్ల కింద ఉన్నది సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు. ఒక బండ దగ్గర ఆగి, చేత్తో తడమనివ్వండి. గరుకుగా తగిలే మెరుపు పలుకులు, గులాబీ రంగు చారలు చూపించండి. భూగోళం పాఠం అక్కడే సగం అయిపోతుంది.

కింద ద్వారం దగ్గర కొట్టిన చప్పట్లు పైన బాలాహిస్సార్ దాకా వినిపిస్తాయంటారు కదా, ఆ ప్రయోగం ఇలా చెయ్యండి. రెండు జట్లు కింద ద్వారం దగ్గరి గుమ్మటం కింద, మిగతావి పైన. ఫోన్లో సమయం అనుకుని కిందవాళ్లు చప్పట్లు కొట్టి, ఎన్నో రాసుకోవాలి. పైనున్నవాళ్లు విన్నవి రాసుకోవాలి. తర్వాత రెండూ సరిచూడాలి. జనం పెరిగితే ఏమీ వినపడదు, అందుకే గేటు తియ్యగానే లోపలుండాలి. మధ్యాహ్నం బిర్లా ప్లానిటోరియం. తెలుగు ప్రదర్శన ఏ వేళకో ముందే కనుక్కోండి.

బుధవారం సాలార్‌జంగ్. బ్యాగులు లోపలికి రానివ్వరు, బసలోనే వదిలి రండి. గంట కొట్టే బొమ్మ గడియారం దగ్గర 11:40కే కూర్చోబెట్టండి. 12కైతే పన్నెండు దెబ్బలు వింటారు, ఆలస్యమైతే పెద్దవాళ్ల వీపులే కనిపిస్తాయి. ఆ తర్వాత చార్మినార్. 1591 నాటిది, నడక దూరమే కానీ ఆ రద్దీలో జట్టుకో టీచరు లేకుండా కదలకండి.

తిరుగు రైలు దిగాక నంబర్లు మళ్లీ పలికించండి. ప్రతి పిల్లనీ, పిల్లాణ్ణీ ఇంటివాళ్ల సంతకం తీసుకుని అప్పగించండి. పక్కింటివాళ్లు వచ్చి తీసుకెళ్తామంటే, ముందు తల్లితోనో తండ్రితోనో ఫోన్లో మాట్లాడాకే పంపండి.