ఎగరనోళ్లకు డ్యాన్స్ కంపెనీలో పనేంది?

నమస్తే. ఈ వీడియో కోపంతో చేస్తున్నా, ముందే చెప్తున్నా.

మొన్న హన్మకొండలో చాయ్ తాగుతుంటే మా మామ నా చేతిలో ఉన్న ఒక కాంటెంపరరీ డ్యాన్స్ కంపెనీ బ్రోషర్ తీసుకొని తిరగేశాడు. "ఏంది అల్లుడూ, ఎగిరేటోళ్లు ఎనిమిది మంది, ఎగరనోళ్లు తొమ్మిది మందా? గీ తొమ్మిది మందికి పనేంది?" అన్నాడు. ఆ తొమ్మిది మంది కంపెనీ బోర్డు, అంటే కంపెనీ బాధ్యత మోసే కమిటీ. నవ్వి ఊరుకున్నా గానీ మాట మాత్రం నన్ను వదలలేదు. ఎందుకంటే మామ సంగతి పక్కన పెట్టండి, ఏళ్లుగా డ్యాన్స్ నేర్చుకుంటున్న పిల్లలు కూడా ఇదే అంటారు. బోర్డు అంటే చందా ఇచ్చిన పెద్దమనుషులట, ఫ్లెక్సీ మీద ఫొటోలట, జ్యోతి వెలిగించి ముందు వరుసలో కూర్చొని సగంలో లేచి వెళ్లిపోయేవాళ్లట. మన దగ్గర చాలా బోర్డులు అట్లనే ఉన్నాయి కాబట్టి వాళ్లను తప్పు పట్టలేను. కానీ బోర్డు పని అది కాదు.

మీ ఇంట్లో పెళ్లి అనుకోండి. వంటమాస్టారు వచ్చాడు. బగార అన్నం, మటన్, పచ్చిపులుసు, గంటె ఆయన చేతిలోనే ఉంటుంది. కానీ ఎంతమందికి వండాలి, బియ్యం డబ్బు ఎవరిస్తారు, సిలిండర్ అయిపోతే ఎవరు తెస్తారు, మాస్టారుకు రేపు జ్వరమొస్తే గంటె ఎవరు పడతారు? ఇవన్నీ పెళ్లి పెద్దలు చూసుకోవాలి. డ్యాన్స్ కంపెనీలో కొరియోగ్రాఫర్ వంటమాస్టారు, బోర్డు పెళ్లి పెద్దలు. పెద్దలు వంటశాలలోకి రావచ్చు, లెక్క అడగొచ్చు. గిన్నెలో గంటె మాత్రం పెట్టొద్దు. "ఆ ముగింపు బాగాలేదు, ఒక పాట పెట్టండి" అనే బోర్డు మెంబర్‌ను నేను కళ్లారా చూశాను. అది వేరే వీడియో.

[స్క్రీన్ మీద: రిహార్సల్ హాల్ నేల]

ఈ నేల చూడండి. గ్రానైట్. చూడడానికి మస్తుంటది, దీని మీద రోజూ నాలుగు గంటలు దూకితే మోకాళ్లు పోతాయి. డ్యాన్స్‌కు దూకినప్పుడు కొంచెం కిందికి వంగే చెక్క నేల కావాలి, దానికి డబ్బు కావాలి. ఒక కొత్త ప్రదర్శన తయారవ్వడానికి నెలలు పడుతుంది, ఆ నెలలన్నీ డ్యాన్సర్లకు జీతం ఇవ్వాలి, తీరా చూస్తే షోలు రెండో మూడో. టికెట్ల డబ్బుతో అది తీరే లెక్కే కాదు. ప్రపంచంలో ఎక్కడైనా ఇంతే. అందుకే అమెరికాలో ఇలాంటి కంపెనీల బోర్డు మెంబర్లు జీతం తీసుకోకపోగా, మామూలుగా ఎదురు డబ్బు ఇవ్వాలి, లేదా తేవాలి. మామా, వింటున్నావా, ఆ తొమ్మిది మందికి మొదటి పని ఇదీ.

ఊరూరా యక్షగానం ఆడే చిందు మేళాలకు బోర్డు ఉందా అని అడుగుతారు కొందరు. అక్కడ కుటుంబమే మేళం, ఊళ్లతో మిరాశీ, అంటే వంశపారంపర్య హక్కు, సంబంధం ఉండేది, ఎవరికి ఎంత అన్నది తరతరాల లెక్క. వేర్వేరు ఇళ్ల నుంచి వచ్చిన ఎనిమిది మందిని జీతానికి పెట్టుకున్నాక ఆ లెక్క ఎక్కడో కాగితం మీద ఉండాలి కదా.

ఆ కాగితం మన రాష్ట్రంలో ఎక్కువగా సొసైటీ. 2001 సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద కనీసం ఏడుగురు కావాలి. లేదంటే ట్రస్టు, కాకపోతే సెక్షన్ 8 కంపెనీ, అంటే లాభం వచ్చినా పంచుకోవడానికి వీల్లేని కంపెనీ. ఆ ఏడుగురి దగ్గరే మన కొంప మునుగుతుంది. డ్యాన్స్ మాస్టారు, ఆయన భార్య, బావమరిది, ఇద్దరు శిష్యులు, ఇంటి ఓనరు, సంతకం పెట్టి మళ్లీ కనపడని ఒక మిత్రుడు. పెళ్లి భాషలో చెప్పాలంటే వంటమాస్టారే పెళ్లికూతురి తండ్రి, పురోహితుడు కూడా ఆయనే. ఉప్పు ఎక్కువైందని ఎవరు చెప్పాలి?

నేను కూడా ఒక చిన్న సంస్థలో రెండేళ్లు కోశాధికారిని. మాస్టారు మీద గౌరవంతో ఖాళీ చెక్కుల మీద ముందే సంతకాలు పెట్టి ఇచ్చేవాణ్ని. దొంగతనం ఏమీ జరగలేదు, ఆయన అలాంటి మనిషి కాదు. కానీ ఒక గ్రాంటుకు అప్లై చేయాల్సి వచ్చి ఆడిటర్ అడిగితే, ఏ చెక్కు దేనికో ఇద్దరిలో ఒక్కరికీ గుర్తు లేదు. మీటింగుల తీర్మానాలు రాసే మినిట్స్ బుక్‌లో ఏడాదిన్నర ఖాళీ. గ్రాంటు పోయింది, నలుగురు డ్యాన్సర్లు హైదరాబాద్ వెళ్లిపోయారు. తప్పు ఆయనది కాదు, అడగని నాది.

ఇప్పుడు నాకు ఇష్టమైన కథ. అమెరికా మోడరన్ డ్యాన్స్‌లో పెద్ద పేరు మార్తా గ్రాహం. ఆమె 1926లో న్యూయార్క్‌లో కంపెనీ పెట్టింది, 1991లో 96 ఏళ్లకు చనిపోయింది. వీలునామాలో ఆస్తి రాన్ ప్రోటాస్ అనే సన్నిహితుడికి రాసింది. ఆయనే కంపెనీకి ఆర్టిస్టిక్ డైరెక్టర్ అయ్యాడు. బోర్డుకూ ఆయనకూ చెడింది. 2000లో బోర్డు ఆయన్ని ఆ పదవిలోంచి తీసేసింది, డబ్బు లేక అదే ఏడాది కంపెనీని కూడా ఆపేసింది. నాట్యాలన్నీ ఆమె నాకు రాసిచ్చింది, నావే అన్నాడాయన. కోర్టుకెక్కారు. లెక్కలో ఉన్నవి 70 నాట్యాలు. 2002లో కోర్టు వాటిలో 45 సెంటర్‌వని, అంటే ఆ బోర్డు నడిపే సంస్థవని చెప్పింది. ప్రోటాస్‌కు దక్కింది ఒక్కటి. 2004లో పైకోర్టు కొన్ని మార్పులతో దాన్నే చాలావరకు ఖాయం చేసింది.

దానికి ఒక ముఖ్య కారణం, 1966 నుంచి ఆమె తన పేరున్న ఆ సంస్థలోనే జీతం తీసుకునే ఉద్యోగి. వంటమాస్టారు నెలజీతానికి ఉన్నప్పుడు వండిన కూర పెళ్లివాళ్లది! మనకు వింతగా ఉంటుంది, నాక్కూడా మొదటిసారి విన్నప్పుడు ఒప్పుకోబుద్ధి కాలేదు. ఇప్పటికీ సగమే ఒప్పుకుంటా. కానీ మన 1957 కాపీరైట్ చట్టం కూడా దాదాపు ఇదే అంటుంది. రాసో వీడియో తీసో భద్రపరిచిన నృత్యరచన అందులో నాటకరచన కిందికి వస్తుంది, ఉద్యోగంలో భాగంగా చేసిన పనికి వేరే ఒప్పందం లేకపోతే మొదటి హక్కుదారు యజమానే. కాబట్టి మాస్టార్లూ, బోర్డుతో ఒప్పందం ఇప్పుడే రాసుకోండి, చనువు ఉన్నప్పుడే.

టైమ్ అయిపోతోంది, బ్యాటరీ కూడా ఎర్రగా చూపిస్తోంది, మిగతావి గబగబా.

మెర్స్ కనింగ్‌హామ్, ఇంకో అమెరికన్ కొరియోగ్రాఫర్. 1953లో కంపెనీ పెట్టాడు, 2009లో పోయాడు. పోకముందే బోర్డుతో కూర్చొని ప్లాన్ రాసిపెట్టాడు: రెండేళ్లు ఆఖరి టూర్, తర్వాత మూసేయాలి, నాట్యాల హక్కులు ట్రస్టు చూసుకోవాలి. 2011 డిసెంబర్ 31న న్యూయార్క్‌లో చివరి షో వేసి నిజంగానే మూసేశారు. పొయ్యి ఆర్పడం కూడా పెళ్లి పెద్దల పనే.

ఇంకొకటి, ముఖ్యమైనది, దీనికి ఎక్కువ టైమ్ ఇవ్వాల్సింది. మాస్టారు మీదే ఒక అమ్మాయికి లైంగిక వేధింపుల ఫిర్యాదు ఉంటే ఎవరికి చెప్పుకోవాలి? పనిచేసేవాళ్లు పది మంది లేదా ఎక్కువ ఉంటే పనిచోట లైంగిక వేధింపుల మీద వచ్చిన 2013 చట్టం ప్రకారం లోపలే కమిటీ ఉండాలి, తక్కువ ఉంటే జిల్లాలో లోకల్ కమిటీ ఉంటుంది. ఆ వివరం రిహార్సల్ హాల్ గోడ మీద పెట్టించే బాధ్యత బోర్డుది. మాస్టారు బావమరిది ఆ పని చేస్తాడా? అందుకే ఏడుగురిలో కనీసం నలుగురు బయటివాళ్లు ఉండాలంటాను. ఒక అకౌంటెంట్, ఒక లాయరు, ఇప్పుడు ఎగరడం మానేసిన ఒక పాత డ్యాన్సర్, ప్రశ్న అడగడానికి మొహమాటపడని మనిషి ఒకరు. మా మామ నాలుగో దానికి సరిపోతాడు, అడిగి చూశా, "చాయ్ ఇప్పిస్తరా?" అన్నాడు.

[మినిట్స్ బుక్ కెమెరాకు దగ్గరగా]

ఇది మా పాత సంస్థ పుస్తకం. ఏడాదిన్నర ఖాళీ తర్వాత మొదటి తీర్మానం, నా చేతిరాతే, కొంచెం వణికింది చూడండి: "ఖాళీ చెక్కు మీద ఎవరూ సంతకం పెట్టరాదు." కింద ఏడు సంతకాలు. అందులో మూడు కొత్తవి.