రంది అంటే స్ట్రెస్సేనా?

అందరికీ నమస్తే. మేడమ్ లకు, ఫైనల్ ఇయర్ పిల్లలకు, ముందు వరుసల కూసున్న ఎమ్మెస్సీ వాళ్ళకు. నాకు ఇచ్చిన టాపిక్ పెద్దగనే ఉంది, పేషెంట్ల ఒత్తిడి, వాళ్ళు దాన్ని తట్టుకునే తీరు, దాని మీద నర్సింగ్ రీసెర్చ్ అని. అరగంటల అదంతా చెప్పుడు నాతోని కాదు. ఒక్కటే పట్టుకుంట, మీ రీసెర్చ్ షీట్ల ఉన్న ప్రశ్న మన వరంగల్ పేషెంట్ కు అర్థమైతదా లేదా అని.

నేను డయాలసిస్ ల డ్యూటీ చేసేటప్పుడు ఒక స్టూడెంట్ రీసెర్చ్ డేటాకు వచ్చింది, చేతుల పర్సీవ్డ్ స్ట్రెస్ స్కేల్, మనిషికి ఒత్తిడి ఎంత అనిపిస్తుందో కొలిచే 10 ప్రశ్నల షీట్. పరకాల దిక్కు నుంచి వచ్చే ఒక అవ్వ పక్కన కూసుని, గత నెల రోజులల్ల జీవితంలోని ముఖ్య విషయాలు మీ నియంత్రణలో లేవని ఎంత తరచుగా అనిపించింది అని పుస్తకం భాషల చదివింది. అవ్వ "ఏందమ్మా?" అన్నది. పిల్ల మళ్ళ అదే చదివింది, ఈసారి జర గట్టిగ, అవ్వకు చెవుడనుకున్నదేమో. అప్పుడు అవ్వ నా దిక్కు చూసి "మన చేతుల ఏమున్నది సిస్టరమ్మా, అంతా ఐనోలు మల్లన్న దయ" అన్నది. పిల్ల 4 వేసింది. 4 అంటే చాలా తరచుగా అని, అంటే స్ట్రెస్ ఎక్కువ.

కానీ ఆ మాట అన్నప్పుడు అవ్వ మొఖంల రంది, అంటే దిగులు, లేదు. బరువు దేవుని మీద పెట్టి నిమ్మలంగ పండుకునే మనిషి ఆమె. అదే మాట బ్రీఫ్ కోప్ ల చెప్పి ఉంటే, అది కష్టాన్ని ఎట్ల తట్టుకుంటరో అడిగే ఇంకో షీట్, 1997ల కార్వర్ చేసింది, 28 ప్రశ్నలు, 14 రకాల తట్టుకునే తీర్లు, అందుల భక్తి కిందనో ఒప్పుకోవుడు కిందనో పడేది. చూడండి, ఒక్కటే మాట ఒక షీట్ల రోగం లెక్క, ఇంకో షీట్ల మందు లెక్క. తప్పు స్కేల్ ది కాదు, అడిగిన తీరుది.

ఒత్తిడి మీద పని చేసిన సైకాలజిస్టులు లాజరస్, ఫోక్ మన్ 1984ల చెప్పింది కూడ ఇదే కదా. కష్టం ఎంత పెద్దదన్నది కాదు, ఆ మనిషి దాన్ని ఎట్ల లెక్కగడ్తున్నడు, తన దగ్గర ఏం బలం ఉందనుకుంటున్నడు, దాన్ని బట్టే ఒత్తిడి. తట్టుకునుడు రెండు తీర్లు, సమస్యనే పట్టుకుని సదురుకునుడు ఒకటి, మనసును సముదాయించుకునుడు ఇంకోటి. పరీక్షల మొదటిది మంచిది, రెండోది బలహీనత అన్నట్టు రాస్తరు మన పిల్లలు, లాజరస్ వాళ్ళు అట్ల అనలే.

గుండెపోటు వచ్చినాయన్ను తీసుకోండి. మొదటి రెండు మూడు రోజులు ఐసీయూల "నాకేం కాలే, గ్యాస్ అంతే" అంటడు, ఆ టైమ్ ల ఆ మాట ఆయన బుగులును, అంటే భయాన్ని, తగ్గిస్తది, కొట్లాడి ఒప్పియ్యాల్సిన పని లేదు. ఇంటికి పోయినంక కూడ అదే పాట పాడి గోళీలు బంద్ చేస్తే, బీడీ ముట్టిస్తే, అప్పుడు అదే మాట ప్రాణం మీదికి తెస్తది. ఒకే కోపింగ్, అంటే తట్టుకునే తీరు, తారీఖు మారింది అంతే. అందుకే డిశ్చార్జ్ రోజు ఒక్కసారి అడిగి రిపోర్ట్ రాసేస్తే నాకు నచ్చదు.

టీబీ వాళ్ళది ఇంకో లెక్క. మామూలు టీబీకి 6 నెలల మందు, మీ ప్రశ్నలేమో కుటుంబం ఎంత సపోర్ట్ చేస్తుంది అని. ఇంట్ల చెప్పనే చెప్పని మనిషి ఏం జవాబిస్తడు? టీబీ వాళ్ళ తిండికి సర్కారు పైసలిచ్చే నిక్షయ్ పోషణ్ స్కీమ్ కింద 2018 నుంచి నెలకు 500, 2024 నవంబర్ నుంచి 1000 ఖాతాల పడ్తున్నయి, తిండికి మంచిదే. ఒకామె నన్ను అడిగింది, ఈ పైసలేంటివి అని మా అత్త అడిగితే ఏం చెప్పాలె అక్కా అని. ఆమె ఒత్తిడి అది. ఏ స్కేల్ లనూ ఆ ప్రశ్న నేను చూడలే.

ఇగ డయాలసిస్, నాకు ఎక్కువ తెలిసింది. వారానికి 3 సార్లు, ఒక్కోసారి 4 గంటలు. మీరు మిషిన్ అంటే భయమా, చావంటే భయమా అని అడుగుతరు, వాళ్ళు దూప, అంటే దాహం, గురించి చెప్తరు. మూత్రం ఎంతొస్తే అంత, మీదికెళ్ళి అర లీటర్, అంతే తాగాలె అని మనమే చెప్తం, మే నెల వరంగల్ ఎండల. నోరు పుక్కిలించి ఉమ్ముతరు, ఐస్ ముక్క చప్పరిస్తరు, నిమ్మకాయ చెక్క నాకుతరు. 1982లనే బాల్డ్రీ వాళ్ళు నర్సింగ్ రీసెర్చ్ జర్నల్ ల డయాలసిస్ ఒత్తిళ్ళ మీద రాసినప్పుడు నీళ్ళ కట్టుబాటు, కండరాలు పట్టేసుడు, అలసట పైననే వచ్చినయి. నలభై ఏండ్లు దాటింది, అయినా మన థీసిస్ లల్ల దూప అన్న మాటనే కనబడది.

మేడారం జాతర వచ్చినప్పుడు చూడాలె. రెండేండ్లకోసారి, మొక్కు ఉంటది, స్లాట్ మార్చుమని బతిమిలాడ్తరు. వద్దంటే దొంగతనంగ పోతరు. మేము కొందరికి ముందు రోజే డయాలసిస్ పెట్టి, ఎంత తాగాలెనో బాటిల్ మీద గీత గీసి, బంగారం ప్రసాదం, అంటే అక్కడి బెల్లం, కళ్ళకద్దుకో తినకు, బెల్లంల పొటాషియం ఉంటది, కిడ్నీ రోగికి మంచిది కాదు అని చెప్పి పంపినం. అది సమస్యను సదురుకునుడా, మనసును సముదాయించుకునుడా, మీరే చెప్పండి, నేనైతే రెండూ అంట.

ఇంకో మాట, మొదట చెప్పిన పర్సీవ్డ్ స్ట్రెస్ స్కేల్ ల 4, 5, 7, 8 ప్రశ్నలు తిరగేసి, అంటే 0కు 4, 4కు 0 అని, లెక్కెయ్యాలె, చాలా మంది మర్చిపోతరు. మొత్తం మార్కులు 13 దాకా తక్కువ, 26 దాకా మధ్యస్థం, ఆ పైన ఎక్కువ అని రంగు రంగుల పై చార్టులు గీస్తరు కదా, స్కేల్ చేసినోళ్ళు అసలు కటాఫ్ లే పెట్టలే. ఒక గుంపును ఇంకో గుంపుతోని పోల్చుడానికి అది.

తర్జుమా చేసేటప్పుడు ఇంగ్లీష్ నుంచి తెలుగు, మళ్ళ వేరే మనిషితోని తెలుగు నుంచి ఇంగ్లీష్, అది చేస్తున్నరు, మంచిదే. ఆ రెండో మనిషి కూడ మన కాలేజ్ మేడమే అయితే ఏం లాభం? ఒత్తిడి అని రాస్తే మన దగ్గర బీపీ అనుకుంటరు. రంది అంటే ఒకటి, బుగులు అంటే ఒకటి, పరేషాన్ వేరే. "పానం మంచిగ లేదు" అంటే ఒళ్ళో మనసో వాళ్ళనే అడగాలె.

సరే, అన్నం తిన్నంక గ్రూపులుగ కూసుందాం. అప్పటి దాకా మీ షీట్ల నుంచి మూడు ప్రశ్నలు ఏరి, ఇంట్ల అవ్వకో అమ్మమ్మకో ఫోన్ చేసి చదివి వినిపియ్యండి. "ఏందే?" అన్న ప్రశ్న మీద పెన్నుతోని గీత కొట్టి, ఆ పక్కనే ఆమె ఏ మాటల అర్థం చేసుకున్నదో రాసుకుని రండి.